ద్రాక్షతోటకు గాలి లెక్క

మా ఆయన శ్రీనివాసరావుగారు ఏ పని తలపెట్టినా ముందు నా వంటింటి మీద పడతారు. ఆ ఆదివారం మా అమ్మాయి హరిచందన చిన్నప్పుడు ఆడుకున్న ప్లాస్టిక్ బంతులు రెండు ఎక్కడినుంచో వెతికి తీసి, నా చపాతీ పీట మీద పెట్టి, రంపం బ్లేడుతో కోశారు. రెండు బంతులూ నాలుగు చిప్పలయ్యాయి. కోసిన రజనంతా పోపులపెట్టెలో పడింది. చిప్పలను పాత గొడుగు ఊచలకు గుచ్చి, ఊచలను నాలుగు దిక్కులకూ వచ్చేలా కట్టి, మధ్యలో ఫ్యాన్లు బాగుచేసే షాపులో అడిగి తెచ్చిన బేరింగు బిగించి, ఆ మొత్తాన్నీ నా బూజుకర్ర కొసన నిలబెట్టారు. ఒక చిప్పకు నా ఎర్ర గోళ్లరంగు పూశారు. సీసా సగం ఖాళీ.

గాలి వీస్తే చిప్పలు తిరుగుతాయి. ఎర్రచిప్ప అర నిమిషంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే గాలి ఎంత వేగంగా వీస్తోందో తెలుస్తుంది. ఇలాంటివి బజారులో దొరుకుతాయి కదా, కొనుక్కురండి అంటే, కొంటే అందులో నేను చేసిందేముంటుంది అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో పద్నాలుగేళ్లుగా కాపురం చేస్తున్నాను కనుక ఇక వాదించలేదు. పైగా ఈసారి అవసరం నాది. ఆ బంతి చిప్పలు చెప్పే లెక్క మీద ఒక తోట బతకాలి, మా పిల్ల ఊపిరి నిలవాలి.

మా ఇల్లు శామీర్‌పేట దగ్గర లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్తగా వేసిన లేఅవుట్‌లో చిట్టచివరిది. ప్రహరీ గోడ దాటితే సత్యమ్మగారి ద్రాక్షతోట. మాది భీమవరం దగ్గర. మా ఆయనకు గుండ్లపోచంపల్లిలో ఒక గోడౌన్ ఆఫీసులో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చి ఇల్లు కొనుక్కున్నాం. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు గోడ అవతల పచ్చటి పందిరి చూసి, ఇంక వేరే ఇల్లు చూడక్కర్లేదని నేనే పట్టుబట్టాను. ద్రాక్షతీగకు ఎన్నిసార్లు మందు కొట్టాలో అప్పటికి నాకు తెలీదు.

సత్యమ్మకు అరవై దాటి చాలా ఏళ్లయింది. ఆ పందిరి మోసే రాతి కడీలు ఆవిడా, పోయిన భర్తా దగ్గరుండి పాతించినవి. చుట్టూ అందరూ తోటలు తీసేసి ప్లాట్లు చేసుకున్నా ఆవిడ తీయలేదు. మేము దిగిన వారానికే గోడ మీంచి చిక్కుడుకాయలు అందించి, నేను తిన్నానా లేదా అని కనుక్కుంది. అప్పటినుంచి రోజూ కనుక్కుంటూనే ఉంది. మా హరికి ఆవిడ అవ్వ. ఇంట్లో 'ఏంటమ్మా' అనే పిల్ల గోడ దగ్గరికి వెళ్లగానే 'ఏంది అవ్వా' అంటుంది. మా అత్తగారు ఫోన్లో ఆ మాట విని, పిల్లని అక్కడివాళ్లకి దత్తతిచ్చేశారా ఏంటి అని అడిగింది. ఇచ్చినట్టే అన్నాను.

హరికి ఆయాసం. పుట్టిన మూడో ఏటినుంచీ ఉంది. నిరుడు కార్తీకమాసంలో తోటకు మందు కొడుతున్న రోజు తూర్పుగాలి గట్టిగా వీచి, ఆ తుంపరంతా గోడ దాటి మా ఇంట్లోకి వచ్చింది. నేను కిటికీలు మూసేలోపే పిల్లకు ఎగపోత మొదలైంది. పీల్చే మందు పనిచేయలేదు. మేడ్చల్లో ఒక ఆసుపత్రికి పరుగెత్తాం. మా వెనకాలే సత్యమ్మ తన కొడుకు కారులో వచ్చి, ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్న పిల్ల అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. మర్నాడు ఇంటికి పంపించేదాకా అక్కడినుంచి కదల్లేదు.

ఆసుపత్రి మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని ఒక మాట అంది. "ఇగ నువ్వు కొట్టమంటెనే మందు కొడత బిడ్డా. నువ్వు వద్దంటె తోట పోతె పోనియ్."

అంతమంచి మాట అంటే ఎవరికైనా కళ్లు చెమ్మగిల్లుతాయి. నాకూ చెమ్మగిల్లాయి. కానీ ఆ మాటతో ఆవిడ తోట తాళంచెవి తెచ్చి నా కొంగున కట్టేసిందని ఇంటికి వచ్చాక గానీ అర్థం కాలేదు. ఆ తర్వాత మందు కొట్టాల్సిన రోజు వచ్చినప్పుడల్లా గోడ దగ్గర నిలబడి నా ముఖం చూసేది. నేను వద్దని అనలేదు, సరేననీ అనలేదు. మందు పడక నిరుడు పంట బూజుతెగులుకు పోయింది. అంతకు ముందటి పంట వడగళ్లకు పోయింది.

సత్యమ్మ కొడుకు జనార్ధన్ తూంకుంట దాకా ప్లాట్లు అమ్ముతాడు, ఎన్నికలొస్తే కండువా వేసుకుంటాడు. చెడ్డవాడేం కాదు. తల్లిని పల్లెత్తు మాట అనడు. ఈ దసరాకు మా ఇంటికి జమ్మి ఆకు పట్టుకొచ్చి, పెట్టి, కూర్చుని మెల్లగా చెప్పాడు. "అక్కా, గీ ఒక్క పంట సూస్త. గిది గూడ పాయె అంటె ఇగ కడీలు పీకి ప్లాట్లు జేసుడే. మా అమ్మ గూడ ఒప్పుకున్నది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కోపగించుకునేవాళ్లు కూడా లేరు. అందరూ మంచివాళ్లే. అదే నా ప్రాణం మీదికి వచ్చింది.

మొదట పిల్లను పంపించేయడమే మందు అనుకున్నాను. కొమ్మలు కత్తిరించి కొత్త చిగురు వచ్చాక, మందు రోజు వచ్చినప్పుడల్లా హరికి బట్టలు సర్ది కూకట్‌పల్లిలో మా చెల్లెలింటికి పంపాను. ద్రాక్షకు ఈ కాలంలో వారానికోసారైనా కొట్టాలి. బడి పోయింది, పరీక్ష ఒకటి పోయింది. మళ్లీ సంచీ తీసేసరికి పిల్ల మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

"నేనెక్కడికీ వెళ్లను. నన్ను చూస్తే అవ్వ మందు కొట్టే గొట్టం దాచేస్తోంది. నేనేమన్నా దయ్యాన్నా?" అంది.

పదకొండేళ్ల పిల్ల. ఆ మాట నా గుండెకు తగిలింది. సంచీ లోపల పెట్టేశాను. ఆ సాయంత్రమే మా ఆయన మందు డబ్బాతో వచ్చిన కాగితం సత్యమ్మ దగ్గర అడిగి తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా చదివారు. గాలి గంటకు పది కిలోమీటర్లు దాటితే కొట్టకూడదని ఉంది. అంతకు లోపలైతే మందు తీగ మీదే పడుతుంది, పక్కకు కొట్టుకుపోదు.

సరే, పది కిలోమీటర్ల గాలంటే ఎంత? సత్యమ్మ గుప్పెడు దుమ్ము తీసి వదిలి, గాలి యాడున్నది బిడ్డా అనేది. నేను ఆరేసిన బట్టలు చూసి, ఇంత గాలా బాబోయ్ అనేదాన్ని. ఫోన్లో చూస్తే శామీర్‌పేట మొత్తానికి కలిపి ఒకటే అంకె. అందుకని బంతులు కోయాల్సి వచ్చింది.

చిప్పలు తిరిగితే సరిపోదు, ఎన్ని చుట్లకు ఎన్ని కిలోమీటర్లో తెలియాలి. దానికి మా ఆయన దగ్గర ఉపాయం ఉంది. గాలి లేని పొద్దున స్కూటరు పది కిలోమీటర్ల వేగంతో నడిపితే, బండి మీదున్నవాళ్లకు పది కిలోమీటర్ల గాలి తగులుతుంది కదా. అప్పుడు చిప్ప ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే పది కిలోమీటర్ల లెక్క. వినడానికి బాగానే ఉంది. వెనక కూర్చుని బూజుకర్ర పైకెత్తి పట్టుకోవాల్సింది మాత్రం నేను.

పిల్లను సత్యమ్మకు అప్పగించి, తెల్లవారగానే శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కనుండే సర్వీసు రోడ్డు మీదికి వెళ్లాం. స్కూటరు అంత నెమ్మదిగా నడిపితే ఊగుతుంది. ఒక చేత్తో ఆయన భుజం, ఇంకో చేత్తో కర్ర, కళ్లేమో ఎర్రచిప్ప మీద. పాలబండివాళ్లు మమ్మల్ని దాటి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆయన "పది, పది, ఇప్పుడు లెక్కపెట్టు" అంటారు. నేను ముప్ఫై దాకా వచ్చేసరికి బండి గుంతలో పడుతుంది, నేను ఆయన్ని తిడతాను, తిట్టులో లెక్క పోతుంది. ఉన్న కాస్త గాలి కూడా లెక్క చెడగొడుతుందని వెళ్లిన దారినే తిరిగొచ్చి రెండూ కలిపి సగం చేయాలన్నారు. అలా ఎన్నిసార్లు తిరిగామో నా నడుముకే తెలుసు.

టీ తాగడానికి ఆగితే, బండి దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన కర్రను కిందా మీదా చూసి, దిష్టికి కడతారా అని అడిగాడు. అవునండీ, మా ఆయనకు దిష్టి ఎక్కువ అన్నాను. మా ఆయన నవ్వి, టీ ఊదుకుంటూ, ఎర్రచిప్ప అర నిమిషంలో నలభై చుట్లు దాటిందంటే గాలి పది దాటినట్టు అని తేల్చారు. ఆ పొద్దుటి వెలుతురులో నలిగిన చొక్కా, చెదిరిన జుట్టుతో, పరీక్ష పాసైన కుర్రాడిలా నిలబడి ఉన్నారు. ఆయన మీద నాకు ముద్దొచ్చింది. పైకి మాత్రం గోళ్లరంగు కొత్త సీసా కొనివ్వాలని గుర్తుచేశాను.

ఆ రోజే దాన్ని తీసుకెళ్లి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన బిగించారు. గాలి కొలిచే పరికరం ఎత్తున ఉండాలన్నారు. నాకూ అదే న్యాయంగా తోచింది. మా కాలనీలో ఏ వస్తువుకైనా చోటు మేడ మీదే. నీళ్ల ట్యాంకు అక్కడే, టీవీ గొడుగు అక్కడే, వడియాలు అక్కడే. గాలి కూడా అక్కడే ఉంటుందనుకోవడంలో వింతేముంది?

రోజూ పొద్దున మా ఆయన మేడెక్కి లెక్కపెట్టి, గోడ దగ్గరికి వచ్చి, ఇవాళ పదిహేను అనో, పద్దెనిమిది అనో చెప్పేవారు. సత్యమ్మ తలూపి, మందు కొట్టే బాలమల్లును వేరే పనికి పంపేది. ఒక్క రోజు కూడా పదికి తగ్గలేదు. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉండేది. ఇప్పుడు వద్దంటున్నది నేను కాదు, ఎర్రచిప్ప.

ఇంతలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ఇక్కడంతా ముసురు కమ్మింది. మూడు రోజులు ఎండ మొహం చూడలేదు. సత్యమ్మ గోనెపట్టా నెత్తిన వేసుకుని గోడ దగ్గరికి వచ్చి, గీ ముసురు మీ దిక్కు నుంచే పంపిన్రు గద అని నన్ను ఆటపట్టించింది. నవ్వుతూనే అంది. ఆకుల సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. ఆ సంగతి హరి వచ్చి చెప్పింది. అవ్వ తోటలో ఆకులు తిప్పి చూస్తే అడుగున పిండి చల్లినట్టు తెల్లగా ఉందట. అమ్మకు చెప్పకు అని అవ్వ ఒట్టు వేయించుకుందట. ఒట్టు గోడ దాకానే పనిచేసింది.

మర్నాడు ముసురు వదిలింది. పనసపొట్టు కూర డబ్బాలో పెట్టుకుని తోటలోకి వెళ్లాను. సత్యమ్మ పందిరి కింద మూడు రాళ్ల పొయ్యి మీద చాయ్ కాస్తోంది. పక్కనే తెంపిన ఆకులు బుట్టలో ఉన్నాయి. నన్ను చూసి బుట్ట మీద సంచీ కప్పింది. నేను చూడనట్టే కూర్చున్నాను. ఇంకెన్నాళ్లు ఆగుతుంది పిన్నిగారూ అని అడిగాను. ఇయ్యాలో రేపో మందు పడాలె, లేకుంటె గుత్తికి ఎక్కుతది అని చెప్పి, నాకు చాయ్ పోసింది.

గ్లాసు పట్టుకుని పొయ్యిలోని పొగ చూస్తూ కూర్చున్నాను. తడి కట్టెలు కదా, పొగ దట్టంగా వస్తోంది. నిట్టనిలువుగా లేస్తోంది. ఆకుల సందులోంచి పైకి వెళ్లి, పందిరి మీద కూడా ఇంకా నిలువుగానే ఉంది. మా ఇంటి మొదటి అంతస్తు కిటికీ ఎత్తుకు వెళ్లాక గానీ పడమటికి వంగలేదు. అదే సమయానికి మా మేడ మీద నేను ఆరేసిన చీర దండెం మీంచి ఎగిరిపోయేట్టు కొట్టుకుంటోంది. దాని పక్కన మా ఆయన చిప్పలు గిర్రున తిరుగుతున్నాయి.

మేము ఇన్నాళ్లూ కొలిచింది మా మేడ గాలి. తోట గాలి కాదు. తోటకు మందు కొట్టేది మనిషి తలెత్తు పందిరికి. మా కొలత రెండంతస్తుల పైన, నీళ్ల ట్యాంకు పక్కన.

ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. సత్యమ్మ చాయ్ గిన్నె కడుగుతోంది. నేను నోరు మూసుకుని ఇంటికి వచ్చేస్తే రేపు కూడా పదిహేను అంటారు, ఎల్లుండి పద్దెనిమిది అంటారు, తోట పోతుంది, నా మీద ఎవరూ వేలెత్తి చూపరు. మా పిల్ల ఊపిరి భద్రంగా ఉంటుంది. కన్నతల్లిని కదా, ఆ ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది? వచ్చింది. చాయ్ చల్లారేదాకా ఉంది.

సత్యమ్మ వెనక్కి తిరిగి, ఏంది బిడ్డా పరేషానైతున్నవ్, కూర డబ్బా కడిగిస్త ఆగు అంది. రేపోమాపో తన తోట కూలిపోబోతోంటే ఈవిడ నా డబ్బా కడుగుతోంది. ఇంక ఉండబట్టలేక, కొలత తప్పుచోట పెట్టామని చెప్పేశాను. పొగ చూపించాను, చీర చూపించాను. ఆవిడ రెంటినీ చూసి, మా ఆయన్ని ఏమీ అనొద్దని ముందు నాకు చెప్పింది.

అనకుండా ఎలా ఉంటాను? సాయంత్రం ఆయన గేటు తీయకముందే అందుకున్నాను. వడియాలు ఎండటానికీ, గాలి కొలవటానికీ తేడా తెలీదా అన్నాను. ఆయన పాపం షూ విప్పకుండానే మేడెక్కి, కర్ర ఊడదీసి, గోడ దిగి, పందిరి పక్కన ఆకుల ఎత్తుకు పాతారు. వెలుతురు ఉండగానే ఒకసారి లెక్కపెట్టి, నా వైపు చూశారు. ఎర్రచిప్ప బద్ధకంగా తిరుగుతోంది.

మర్నాడు పొద్దున ఎండ వచ్చింది. బాలమల్లు డ్రమ్ములో మందు కలిపి, మోటారు పెట్టి, గొట్టం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మా ఆయన మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, ఆరు అన్నారు. గట్టిగా వీచినప్పుడు కూడా ఏడు దాటలేదు. సత్యమ్మ గోడకు అవతల నిలబడి ఎప్పట్లాగే నా ముఖం చూసింది. గోడకు ఇవతల హరి నా పక్కనే నిలబడి అదీ నా ముఖమే చూసింది.

"కొట్టించండి పిన్నిగారూ" అన్నాను.

మా ఆయన నా భుజం తట్టి, ఆఫీసుకు ఆలస్యమైందని వెళ్లిపోయారు. నేను హరిని లోపలికి తీసుకెళ్లి, కిటికీలన్నీ వేసి, పీల్చే మందు ఒళ్లో పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. బాలమల్లు తోట అవతలి కొసన మొదలుపెట్టాడు. మోటారు చప్పుడు దూరంగా వినిపిస్తోంది. ఒక్కో వరస అయ్యేకొద్దీ గొట్టం ఈడ్చుకుంటూ, మోటారు జరుపుకుంటూ మా వైపు వస్తున్నాడు. చప్పుడు దగ్గరవుతోంది. హరి లెక్కల పుస్తకం ముందేసుకుంది. నేను దాని వీపు మీద చెయ్యి వేసి, లోపల పిల్లికూత ఏమన్నా మొదలైందేమోనని చెవులు రిక్కించాను. అమ్మా, నువ్వలా వీపు నొక్కుతుంటే నా గీతలు వంకరపోతున్నాయి అంది.

మోటారు బాగా దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది. అయిపోయిందనుకుని మరికాసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. పిల్ల ఊపిరి మాత్రం పిల్లకాలువలా సాఫీగా నడుస్తోంది. సాయంత్రానికీ ఏమీ కాలేదు, తెల్లారేదాకా ఏమీ కాలేదు. పొద్దున్నే సత్యమ్మ గోడ దగ్గరికి వచ్చి పిల్ల ఎట్లుందని అడిగితే, హరి గట్టిగా ఊపిరి పీల్చి వదిలి చూపించింది. సత్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ వారమంతా మా ఇంట్లో మా ఆయన్ని పట్టడం కష్టమైంది. ఆఫీసులో అందరికీ చెప్పారు. భీమవరంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, గాలి ఏడు దాటలేదు, తుంపర ఒక్క చుక్క గోడ దాటలేదు, లెక్కంటే లెక్కే అన్నారు. మేడ మీద పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ అడ్డు తగల్లేదు. నా ధైర్యానికి ఆ లెక్కే ఆధారం కదా, దాన్ని పొగుడుతుంటే నన్ను పొగిడినట్టే ఉండేది.

జనార్ధన్ ఒక పొద్దున వచ్చి తోటంతా తిరిగాడు. ఆకు నిలబడింది, గుత్తులు నిలబడ్డాయి. పోతూ పోతూ మా గేటు దగ్గర ఆగి, గీ ఏడు పందిరి జోలికి పోనక్కా అని చెప్పాడు. ఆ మాట నా చెవుల్తో విన్నాక, సత్యమ్మకు స్వయంగా చెప్పాలని తోటలోకి పరుగెత్తినంత పని చేశాను.

ఎప్పుడూ రోడ్డు వైపు నుంచి వెళ్లేదాన్ని, గోడ దగ్గర మాటలు కూడా ఆ కొసనే; తోట వైపు కిటికీలైతే మందు కొట్టిన రోజునుంచీ తీయనేలేదు. ఆ రోజు తొందరలో మా గోడ పక్క సందులోంచి వెళ్లాను. పందిరి కిందికి రాగానే ఎండ మొహాన కొట్టింది. తలెత్తి చూస్తే ఆకాశం కనిపించింది. గోడను ఆనుకుని ఉన్న నాలుగు వరసల్లో ఆకు లేదు, గుత్తి లేదు. ఉత్త కొమ్మలు. ఐదో వరసనుంచి తోట నిండుగా ఉంది.

మందులో తేడా వచ్చిందా, మా లెక్కలో తేడా వచ్చిందా అని బాలమల్లును పిలిచి అడిగాను. అతను తల గోక్కుంటూ, అవ్వనే గీ నాలుగు వరసలు ఇడిసిపెట్టుమన్నది, మోటరు బంద్ జేసిన అని చెప్పాడు. మందు పడని వరసల్లో తెగులు ముదిరి మిగతా తోటకు పాకుతుందని మర్నాడే ఆకు, గుత్తులు మొత్తం కోసి గుంత తీసి పాతిపెట్టారట.

అంటే ఆ రోజు మోటారు ఆగింది పని అయిపోయి కాదు. నేను పిల్ల వీపు మీద చెయ్యేసి భయపడుతున్నప్పుడు, గోడకు అవతల ఇంకొక మనిషి నాకంటే ఎక్కువ భయపడింది.

సత్యమ్మ అవతలి వరసలో కూర్చుని తీగలు కడుతోంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది, ఎందుకో తెలియనంత కోపం.

"గాలి ఏడు దాటలేదని ఆయన చెప్పారు కదా పిన్నిగారూ. నేనే కొట్టించమన్నాను కదా. మరి నాలుగు వరసలు ఎందుకు పోగొట్టుకున్నారు?"

ఆవిడ చేతిలోని పురికొస ముడి పూర్తిచేసింది. తర్వాత తలెత్తింది.

"నువ్వు అన్నవు బిడ్డా. మీ ఆయన లెక్క గూడ తప్పు గాదు. నాకే ధైర్యం సాలలె. గోడ దగ్గరికొస్తుంటె పిల్ల దవాఖానల ఎగపోసుకుంట పండుకున్నదే కండ్ల ముందర మెదిలింది. ఇగ నా తోని గాలె."

నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. ఈవిడంటే నాకు ఇష్టమని ఎప్పుడూ తెలుసు. ఎంత ఇష్టమో మాత్రం ఆ ఉత్త కొమ్మలు చూశాకే తెలిసింది. భర్తతో కలిసి నాటిన తీగలు. ఒక్క పంట పోతే తోటే పోతుందని తెలిసి, నేను సరేనన్నాక కూడా, నా కూతురి కోసం చేజేతులా వదులుకుంది. వదులుకున్నానని నాతో ఒక్క మాట అనలేదు. పైగా ఆ లెక్కను మా ఆయన పొగుడుకుంటుంటే గోడ దగ్గర నిలబడి వింది, అవును సారూ అని తలూపింది.

ఆవిడ దగ్గరికి జరిగి, మట్టి చేతులు నాకు అంటకుండా మోచేత్తో నా తల దగ్గరికి తీసుకుంది. నాలుగు వరసలకు ఏడుస్తరా ఎవరన్న, తోట ఉన్నది గద అంది. నేను ముక్కు తుడుచుకుని, ఇలా కుదరదు, ఈసారి మందు కొట్టే రోజు నేను వచ్చి మీ పక్కనే నిలబడతాను, గోడ దాకా కొట్టించాల్సిందే అని దబాయించాను.

"ఆకే లేని కొమ్మలకు మందేంది బిడ్డా" అని ఆవిడ నవ్వింది. నవ్వి, మళ్లీ పురికొస చేతిలోకి తీసుకుంది. "కొమ్మ సచ్చిపోలె. వచ్చే ఏడు మల్ల సిగురిస్తది. గప్పుడు గోడ కాడికి వచ్చినంక నువ్వు నా చెయ్యి పట్టుకో. కొట్టిస్త."